ఏడు తొట్ల నీళ్లు

మా అత్తయ్యని వీధిలో అందరూ నాలుకమ్మ అనేవాళ్లు. ఆవిడ చెవిన పడ్డా ఏమీ అనుకునేది కాదు.

అడవిలో ఒక చెట్టుంది. నలుగురు చేతులు కలిపినా అందని మాను. దాని గింజల పిండి రొట్టెకి ఎంత బాగుంటుందో, పచ్చిగింజ అంత విషం. పగలగొట్టి, ఉడకబెట్టి, ముక్కలు చేసి, పెరట్లోని ఏడు సిమెంటు తొట్లలో రోజుకొక దాంట్లోకి మారుస్తూ నానబెట్టాలి. ఏడో రోజు ఒక ముక్క నాలుక కొసకి ఆనించి, చేదు పోయిందంటేనే ఆరబెట్టాలి. ఆ పిండి అమ్ముకునే మా ఇల్లు గడిచేది; రుచి చూడటం అత్తయ్య పని. ముప్పై ఏళ్లు చూసి చూసి ఆవిడకి ఉప్పూ కారం తెలియకుండా పోయాయి. కూరలో ఉప్పు చూడమని మామయ్యని పిలిచేది. "మీ అత్త నాలుక చేదుకీ, నన్ను తిట్టడానికీ తప్ప పనికిరాదమ్మా" అనేవాడాయన.

నా పెళ్లయిన రెండో ఏడు, వానల్లో, అత్తయ్య జ్వరంతో మంచం పట్టింది. తొట్ల పని నా మీద పడింది. నాకప్పుడు మూడో నెల. ఆ వాసన అసలు పడేది కాదు. ఏడో రోజు ముక్క చేతిలోకి తీసుకున్నాను కానీ నోటిదాకా తీసుకెళ్లలేకపోయాను. రుచి చూశాను, చేదు లేదని మామయ్యతో చెప్పేశాను. పొయ్యి దగ్గర ఆరబెట్టి మర పట్టించాం.

ఆ పిండి ఎదురింటి టైలరు వాళ్లింటికి వెళ్లింది. ఇంటిల్లిపాదికీ వాంతులు. మిగతావాళ్లు తేరుకున్నారు. టైలరు తల్లి మూడో రోజు పోయింది.

మా వాకిట్లో జనం చేరారు. నేను నోరు తెరిచేలోగా అత్తయ్య గోడ పట్టుకుని బయటికొచ్చింది.

"రుచి చూసింది నేనే. జ్వరంతో నాలుక చచ్చింది, తెలుసుకోలేకపోయాను" అంది.

మామయ్య నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

ఆ తర్వాత మా ఇంటి పిండి ఎవరూ ముట్టలేదు. అత్తయ్య తొట్లు పగలగొట్టించి, సోడా ఫ్యాక్టరీలో సీసాలు కడిగే పనికి కుదిరింది. పదహారేళ్లు కడిగింది. ఎదురింటివాళ్లు కనబడితే పక్కకి తప్పుకుని నిలబడేది. ఎందుకలా చెప్పారని ఒక్కసారే అడిగాను, పిల్లాడికి నీళ్లు పోస్తూ.

"నువ్వు ఈ వీధిలో ఇంకా యాభై ఏళ్లు బతకాలి" అంది. వాడి కళ్లల్లో నీళ్లు పడుతున్నాయి, చూసి పొయ్యమని మాట మార్చేసింది.

ఆవిడ పోయాక నెలకి టైలరు కొట్టుకి వెళ్లాను. ఆయన చొక్కాకి కాజాలు కుడుతున్నాడు. నిలబడే మొత్తం చెప్పాను. సూది ఆగలేదు.

"తెలుసమ్మా. ఆ వారమంతా మీ అత్తకి ఒళ్లు తెలియని జ్వరం. పక్కన కూర్చుని తడిగుడ్డలు వేసింది మా అమ్మే."

మరి ఇన్నేళ్లూ ఎందుకు బయటపెట్టలేదని అడిగాను.

"ఆవిడ తన మీద వేసుకున్నాక కాదనడానికి నేనెవర్ని? నువ్వే వస్తావని చూశాను." దారం పళ్లతో తెంపాడు. "ఆవిడ ఉండగా వస్తావనుకున్నాను."

ఆయన కాలితో స్టూలు నా వైపు జరిపి, ఇంకో చొక్కా అందుకున్నాడు. కొట్టు కట్టేసేదాకా అక్కడే కూర్చున్నాను.