పెద్దమ్మ గొంతున్న టేపు

మా సంఘం పాటల పుస్తకాన్ని పేజీలుగా అమర్చే పని ఇన్నేళ్లుగా నాదే. కంప్యూటర్‌ను కొత్త సిస్టమ్‌కు మార్చుకోమని కొన్నాళ్లుగా తెర మీద కబురు వస్తోంది. నొక్కేముందు, నా పాత తెలుగు పేజీల సాఫ్ట్‌వేర్ అందులో నడుస్తుందో లేదో చూడమని మా అమ్మాయికి చెప్పాను. చూసి, "నడవది బాపూ" అంది. నొక్కలేదు. ఎన్నాళ్లు నొక్కకుండా ఉండగలనో తెలియదు. మా నాన్నకు అన్న, పెద్దబాపు గుర్తొచ్చాడు.

డెబ్బైల చివర్లో రఘునాథపల్లిలో మా ప్రార్థన మందిరానికి ఒక టేపు రికార్డరు ఉండేది. పళ్లేల్లాంటి టేపు చుట్టలు పైన తిరిగే పాత రకం. మొదట వేడెక్కిన దుమ్ము వాసన వచ్చేది, తర్వాత పాట. ఒక చుట్టలో పెద్దమ్మ పాడిన కీర్తనలు ఉండేవి. ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లాక, ఆరాధన ముగియగానే పెద్దబాపు చెప్పులు విడిచిన చోటే కూర్చుని అవి వినేవాడు. బతికుండగా ఆమె గొంతు మరీ పెద్దదని విసుక్కున్న మనిషే.

అందరూ క్యాసెట్లకు మారుతున్నారని సంఘంవాళ్లు జనగామ దుకాణంలో పాతది ఇచ్చేసి కొత్తది తీసుకున్నారు. క్యాసెట్టు పేరు వినడమే గాని దగ్గరగా చూసినవాళ్లు మాలో లేరు. పైగా మందిరానికి కొన్న ఏ వస్తువునైనా ప్రతిష్ఠ ప్రార్థన కాకుండా విప్పకూడదన్నది మా ఆనవాయితీ.

దుకాణంలో పెద్దబాపు సంఘపెద్దను బతిమాలాడు. "అన్నా, మా ఇంటామె చుట్ట గిండ్ల పడ్తదో లేదో, జర డబ్బా ఇప్పి చూద్దమే."

"ఏంది తమ్మీ, దేవునికిచ్చేది మనం ముందుగాల ఇప్పి చూస్తమా? గంత నమ్మకం లేదా నీకు?"

నమ్మకం మాటెత్తేసరికి పెద్దబాపే డబ్బాను నెత్తికెత్తుకుని బయటికి నడిచాడు.

ఆదివారం అందరం డబ్బా మీద చేతులుంచి ప్రార్థించాం. ఆమేన్ అన్నాక డబ్బా విప్పితే, అరచేతిలో ఇమిడే క్యాసెట్టుకు మాత్రమే అందులో చోటుంది. పెద్దబాపు తన చుట్టను దాని మీద పెట్టి చూశాడు. కుండ మీద మూతలా ఉండిపోయింది. ఎవరో నవ్వారు. మర్నాడు జనగామకు పరుగెత్తితే, పాతదాన్ని విడి సామాన్ల కోసం అప్పటికే విప్పేశారు. "మోటరు ఎవలో పట్టుకపోయిండ్రు, పరేషాన్ గాకు" అన్నాడు దుకాణదారు. మహబూబాబాద్ దాకా వెళ్లి అడిగాం. అలాంటిది ఎవరి దగ్గరా లేదు.

చుట్ట మందిరం కిటికీలో ఉండిపోయి ఎండకు పెళుసెక్కింది. పునరుత్థాన దినాన పెద్దమ్మ పాట మళ్లీ వింటావని పెద్దబాపుకు చెప్పాను. నేను మనసారా నమ్మిన మాటే, ఈనాటికీ నమ్ముతున్న మాటే.

"వింటగని, గప్పటిదాక ఏం వినాలెరా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు దొరకకుండానే నేను ఆయన వయసుకు వచ్చాను.