ఎలుకలకు తగ్గినయట

యమునాబాయి భివండిలోని పద్మనగర్‌లో మగ్గాలకు దారం కండెలు చుడుతుంది. పెళ్లై ఆ ఊరు వచ్చిన నాటి నుంచి అదే పని. ఈ మధ్య కొడుకు సంపత్ సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్ఖానాకు మారింది. ఇంటికి దగ్గరని అందరికీ చెప్పింది. అసలు కారణం సంపత్‌కు వచ్చే ఫిట్స్. ఆ సంగతి కార్ఖానాలో ఎవరికీ తెలియదు. తెలిస్తే యజమాని సేటు అతన్ని సాంచా దగ్గర నిలబడనివ్వడు. తెలియకుండా ఉండి, నడిచే సాంచా మీద పడిపోతే? ఆమె చేతులు కండె మీద, కళ్లు కొడుకు మీద ఉంటాయి.

ఒక పొద్దున సంపత్ ఫిట్స్ గోలీల పట్టీ నిండుగానే కనిపించింది.

"గోలీలు మింగుతలేవురా?"

"మింగితే నిద్రొస్తున్నదే అమ్మా. ఇగ వాటితోని పనిలేదు. ఫోన్ల చూసిన. తల కొయ్యకుండనే సోనోగ్రఫీ అసొంటి తరంగాలు మెదడుకు పంపుతరట. ఫిట్స్ తగ్గినయట."

"ఎవలకు తగ్గినయ్?"

సంపత్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఎలుకలకు."

ఆ రోజే పని మాన్పించి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. వార్త అబద్ధం కాదన్నాడు డాక్టరు. కడుపులో బిడ్డను చూసే సోనోగ్రఫీ వేరు, ఇది వేరు. తరంగాలను మెదడులో ఒక్క చోటికే గురిపెడతారు. కొన్ని ఎలుకలకు ఫిట్స్ తగ్గాయి. ఆ గుణం ఎన్నాళ్లు నిలుస్తుందో, మనిషికి ఎంత మోతాదు పడుతుందో ఇంకా చూస్తున్నారు. ఈలోగా గోలీ ఆపితే ప్రాణం మీదికి వస్తుందన్నాడు. మత్తు తక్కువగా ఉండే మందు రాశాడు. యంత్రాల పని మానుకొమ్మన్నాడు.

ఆటోలో సంపత్ అన్నాడు: "ఎలుకల నసీబే మంచిగున్నది."

"నసీబు సంగతి తర్వాత. ముందుగాల పక్క సాంచాలు నడిపేటోనికి చెప్పు."

"చెప్తే పని పోతది."

"చెప్పకుంటే నువ్వే పోతవ్."

వేరే పని దొరికేదాకా సాంచాలే నడుపుతానని, పక్కవాడికి మాత్రం చెప్తానని ఒప్పుకున్నాడు.

మర్నాడు కార్ఖానాలో సంపత్, పక్క సాంచాలు నడిపే ముఖేష్ భుజాన్ని తట్టాడు. ఆ చప్పుడులో మాట వినబడదు, అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. సంపత్ తన తల చూపించాడు. వేళ్లు వణికించాడు. పక్కకు ఒరిగి, తను పడితే ఆపమన్నట్టు సాంచా ఆపే పిడి మీద చేయి పెట్టి చూపించాడు.

ముఖేష్ సేటు గది వైపు చూశాడు. యమునాబాయి చేతిలో దారం తెగింది. ముడి వేయడం మరిచిపోయింది. ముఖేష్ అటువైపే నడిచాడు. రెండడుగులు వేసి వంగాడు. సంపత్ నిలబడే సందులో, పడితే తలకు తగిలేలా ఉన్న ఇనుప పెట్టెను రెండు చేతులా పట్టుకుని, గోడ దాకా ఈడ్చుకుపోయాడు.