ఆసుల జత పడేసిన పెర్లిత

బక్లారన్ చర్చి వెనక సందులో గోతో అనే పశువు పేగుల గంజి అమ్ముకునే పెర్లిత మకరాయెగ్‌ని చూస్తే, ఈమెకు పేకాట వచ్చని ఎవరూ అనుకోరు. రావడమేమిటి, మా పేకాట గదిలో ఎనిమిదేళ్ళు ముక్కలు పంచింది. నాకు పంచడం నేర్పింది కూడా ఆమే. తప్పు పంచితే వేళ్ళ మీద ఒక్కటిచ్చేది. నేను అక్కా అనే పిలుస్తాను.

ఆమె పొట్ట కొట్టినవాడు ఆర్నుల్ఫో దిమాందాల్. సిమెంటు వ్యాపారి. గదిలో అందరికీ బాస్. ఓడిపోతే నవ్వుతాడు, చుట్టూ ఉన్నవాళ్ళకు బీర్లు పోయిస్తాడు. కానీ తన పందెం బిళ్ళలన్నీ ముందుకు నెట్టినప్పుడు, ఎదుటివాడు మంచి ముక్కలు పట్టుకుని కూడా పడేసి తప్పుకుంటే మాత్రం తట్టుకోలేడు. మూడేళ్ళ కిందట ఒక కొరియావాడు అలాగే రాజుల జత పడేసి నవ్వాడు. అంతే, వీడికి తిక్క రేగింది. పంచేటప్పుడు తన ముక్క ఆ కొరియావాడికి చూపించిందని అక్క మీద ఫిర్యాదు పెట్టాడు.

విచారణలో నన్నూ అడిగారు. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. ఆమె ఏ ముక్కా చూపించలేదని నాకు తెలుసు. "సరిగా చూడలేదు సార్" అన్నాను. నా నోట మన్ను పడ. ఆమె లైసెన్సు పోయింది, ఊళ్ళో ఏ గదీ మళ్ళీ పనివ్వలేదు. తరవాత వెళ్ళి క్షమించమన్నాను. విని, గంజి గిన్నె తోముకుంటూ కూర్చుంది.

పోయిన ఆదివారం మధ్యాహ్నం ఆమె రెండు నెలల గంజి డబ్బు కట్టి మా గదిలో ఆడటానికి వచ్చింది. అది టికెట్ల పోటీ. మర్నాటి పెద్ద పోటీలో కూర్చోవడానికి ఐదు టికెట్లు ఇస్తారు. మొదట నిలిచినా ఐదోవాడిగా మిగిలినా అదే టికెట్. ఆరోవాడికి మొండిచెయ్యి.

"అక్కా, వాడూ ఉన్నాడు" అన్నాను మెల్లగా.

"ఉన్నాడనే వచ్చానురా."

నాలుగు గంటలకు ఆరుగురు మిగిలారు. ఆ బల్లకు పంచుతున్నది నేనే. అందరికంటే పెద్ద కుప్ప బాస్‌ది, రెండోది అక్కది. జీప్నీ బండిలో జనాన్ని తిప్పి మానేసిన ఇస్కో మామ దగ్గర రెండు ఆటలకు సరిపడా బిళ్ళలే ఉన్నాయి. ఆయన పోతే మిగతా అందరికీ టికెట్లే.

"ఏం పెర్లితా, గంజి చల్లారిపోదూ? ఇంటికి పో" అన్నాడు బాస్.

"మా చెల్లెలు చూసుకుంటోంది బాస్. మీరు బెంగపెట్టుకోకండి."

బాస్ తన కుప్ప మొత్తం ఆమె మీదకు నెట్టాడు. "మూడేళ్ళుగా నన్ను తిట్టుకుంటున్నావటగా. దమ్ముంటే రా."

అక్క తన రెండు ముక్కల అంచులు ఎత్తి చూసుకుంది. పంచేవాడు నోరు విప్పకూడదు కాబట్టి ఊరుకున్నాను గానీ, కొట్టక్కా, కొట్టు వాణ్ణి అని లోపల అరుస్తూనే ఉన్నాను. ఆమె ముక్కలు తిప్పి బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టింది. రెండు ఆసులు, అంతకు మించిన జత లేదు. వాటిని నా వైపు తోసేసి, "తీసెయ్" అంది.

నా ఒళ్ళు మండిపోయింది. చేతికి చిక్కిన వాణ్ణి వదిలేస్తుందా ఈ మనిషి?

"ఆసులా? ఆసులు ఎవరైనా పడేస్తారా?" అన్నాడు బాస్.

ఇస్కో మామ నవ్వాడు. "నా చావు కోసం ఆగింది బాస్. మీతో తలపడితే, తరవాత బల్ల మీద పడే ముక్కలను బట్టి ఐదింట్లో ఒకసారి ఆవిడే పోతుంది. నేనైతే ఎలాగూ పోయేవాణ్ణే."

బాస్ తన ముక్కలు తిప్పాడు. ఏడు, మూడు. "ఏమీ లేకుండా నీ ఆసులు పడేయించాను, చూడు."

ఆమె చూడలేదు. పక్క కుర్చీలో ఆడుతున్న మందుల షాపావిడను సాయంత్రం టిఫినేం తిన్నారని అడుగుతోంది.

వాడి చెవులు ఎర్రబడ్డాయి. తరవాతి ఆటకు ముక్కలు కూడా చూసుకోకుండా మొత్తం నెట్టాడు. అక్క రాణుల జత చూపించి పడేసింది. ఇస్కో మామ తొమ్మిదుల జతతో నిలబడి తన బిళ్ళలు రెట్టింపు చేసుకున్నాడు. బాస్ మళ్ళీ చూడకుండానే నెట్టాడు, మళ్ళీ మామే గెలిచాడు. మధ్యలో రెండు ఆటలు బాస్ గెలిచాడు కూడా. అక్కడితో ఆపితే టికెట్ వాడిదే. కానీ ఆమె తన వైపు చూడందే వాడికి ఊపిరాడటం లేదు. చివరికి మందుల షాపావిడ విసుక్కుని, "ఎంతసేపు భరించమంటారు?" అని రాజుల జతతో దిగి వాడి కుప్పలో సగం లాగేసింది. అరగంట తిరిగేసరికి మిగిలిన నాలుగు బిళ్ళలూ ఇస్కో మామ ఊడ్చుకున్నాడు.

స్థానం ప్రకటించాల్సింది నేనే. "ఆరో స్థానం బాస్. టికెట్ లేదు" అన్నాను, కావలసినదానికంటే గట్టిగా. నాకు కడుపు నిండినట్టయింది.

డ్యూటీ దిగాక జీప్నీ ఆగేచోట అక్క కనబడింది. టికెట్ మడిచి జాకెట్టు జేబులో పెట్టుకుంది.

"ఆసులు ఎలా పడేయగలిగావక్కా?"

"అవి వస్తాయని నేనేమన్నా కలగన్నానా? వాడు నెడితే ఏం వచ్చినా పడేద్దామనే కూర్చున్నాను. ఎనిమిదేళ్ళు పంచానురా వాడికి. నేను గెలిస్తే వాడికి పోయేది బీరు ఖర్చే. పడేస్తేనే కాలుతుంది."

"కాలినా ఏం లాభం? డబ్బున్నవాడు. రేపు పొద్దున టికెట్ కొనుక్కుని అదే పోటీలో కూర్చుంటాడు."

జీప్నీ వచ్చింది. ఆమె ఎక్కి, నా వైపు చూసింది.

"వాడు కూర్చోవాలి. నాకు టికెట్ ఎందుకనుకున్నావు మరి?"