తోడల్లుడి కుక్కపిల్ల, నా కొత్త బూట్లు

లాబ్రడార్ పిల్లను ఇచ్చే నమ్మకమైన మనిషి కోసం ఆరు నెలలుగా వెతుకుతున్నాను. చివరికి నాంపల్లిలో ఒక రిటైర్డ్ డ్రిల్లు టీచరమ్మ దొరికింది. తల్లికుక్కను చూపిస్తుంది, టీకాల కాగితాలిస్తుంది, కానీ మనిషి నచ్చితేనే పిల్లనిస్తుంది. అందుకే ఈ రోజు దారిలో అబిడ్స్‌లో ఆగి, రన్నింగ్ బూట్లు కొని వేసుకుని మరీ వెళ్లాను. కారు ఉంది కదా అని మా తోడల్లుడిని వెంటబెట్టుకున్నాను.

రోజూ పొద్దున్నే పరిగెత్తుతానని చెప్పాను. ఆవిడ లేచి, గుమ్మం బయట మేం విడిచిన బూట్లు చూసి వచ్చింది.

"నీ బూట్లకు ఇంకా మట్టే అంటలేదు బిడ్డా. గాయనవి జూడు, మడమలు అరిగిపోయినయి. గీ పిల్లకు రోజు ఉరికేటోళ్లు గావాలె."

"అతను ఊరికే తోడొచ్చాడండీ. కుక్క కావాల్సింది నాకు."

"ఔ, నీకు కుక్క గావాలె. కుక్కకు గాయన గావాలె."

తోడల్లుడు వద్దని ఒక్క మాటన్నా అనలేదు. అతను కారు నడుపుతుంటే, ఇంటిదాకా పిల్లను ఒళ్లో పెట్టుకు కూర్చున్నది మాత్రం నేనే.

బూట్లు చూసి మనిషిని తేల్చేయడం న్యాయమేనా, మీరే చెప్పండి. ఇందాక అతను ఫొటో పంపాడు. పిల్ల ఆ పాత బూటు కొరుకుతోంది. నా కొత్త బూట్లు ఇక్కడ మా గుమ్మం దగ్గర మెరుస్తున్నాయి. కొరికే దిక్కు లేదు.