ఆయ్ అన్న పాపానికి

మా బావ పొయ్యి మీది దాకను తన్నేసరికి ఆనపకాయ ముక్క ఉడికింది గాని పులుసు ఇంకా చిక్కబడలేదు. చిక్కబడి ఉంటే అక్క కాలు ఇంకా లోతుగా కాలేది. పలచటి పులుసు జారిపోతుంది, చిక్కటిది చర్మాన్ని పట్టుకుని వదలదు. తరువాత రాజోలు ఆసుపత్రిలో కట్టు కట్టిన నర్సు చెప్పిన మాట ఇది.

నేను రొయ్యల చెరువులకు మేత లెక్క, నీటి లెక్క వేసి బతుకుతాను. ఎవరూ నేర్పలేదు, నాకై నేను పట్టుకున్న విద్య. ఆదివారాలు అక్క ఇంటికి వెళ్తాను. ఆమె వండుతుంది, నేను పక్కన పీట వేసుకుని కథ చదువుతాను. కథలో తిండి సంగతి ఉండి తీరాలి. అది ఆమె పెట్టిన షరతు. కథ నిడివి మాత్రం కూరను బట్టి నేను ఎంచుతాను. కోడిగుడ్డు పొరటుకు రెండు పేజీలు చాలు. ఎండురొయ్యలు వేసిన ఆనపకాయ పులుసుకు తొమ్మిది పేజీలు పడతాయి.

కథ వినేవాళ్లు ఊఁ కొట్టాలి. మా అక్క ఆయ్ కొడుతుంది. మా వైపు ఆ ఒక్క మాటకే అవును, సరే, వింటున్నాను, ఇంకా చెప్పు అని అన్ని అర్థాలూ ఉన్నాయి. పొయ్యి ఊదుతున్నా, ఉప్పు చూస్తున్నా వాక్యానికో ఆయ్ రావాలి. రాకపోతే నేను చదవడం ఆపేస్తాను.

అక్క కాలు కాలిన వారమే బావ చెరువు చచ్చింది. తెల్లారేసరికి రొయ్యలన్నీ తెల్లగా గట్టుకు కొట్టుకొచ్చాయి. రాత్రి కరెంటు పోయి, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోయాయి, జనరేటర్‌లో డీజిల్ లేదు. అంత రొయ్యకు నీళ్లలో గాలి ఎంతసేపు సరిపోతుందో లెక్క వేసి చూపించబోతే బావ నా చొక్కా పట్టుకున్నాడు.

"లెక్కల మేస్టారూ, నీ గాలి లెక్క నీ దగ్గరే పెట్టుకో. ఎవడో మందు కలిపేడు. ఆడెవడో తెలిస్తే నరికేస్తాను."

అప్పటినుంచి బొండాలు కొట్టే కత్తి పట్టుకునే తిరిగాడు. పక్క చెరువు కాపలాదారుణ్ణి నెత్తురు వచ్చేదాకా కొట్టాడు. ఇంట్లో మంచినీళ్లు కూడా అక్క తాగాకే తాగేవాడు.

ఆదివారం నేను చదువుతున్నది ఒక పాత వారపత్రికలోని కథ. పెళ్లిళ్లకు వండే ఒకావిడ, తనను చెప్పుతో కొట్టిన ఆసామి మీద పగ పట్టి, పులుసులో ఉమ్మెత్త గింజలు నూరి కలుపుతుంది.

"గింజలు మెత్తగా నూరింది" అని చదివాను.

"ఆయ్" అంది అక్క.

"ఎవరూ చూడకుండా కలిపేసింది."

"ఆయ్."

పోపు చిటపటలాడుతోంది. అక్క గుమ్మానికి వీపు పెట్టి గరిటె తిప్పుతోంది. నేను పేజీ తిప్పి తలెత్తేసరికి గుమ్మంలో బావ.

"కలిపేవా?" అన్నాడు, గొంతు తగ్గించి.

అక్కకు అది కథలో తరువాతి వాక్యంలా వినబడింది.

"ఆయ్" అంది.

దాక ఎగిరింది. పులుసంతా ఆమె కాళ్ల మీద పడింది. ఆమె కేక పూర్తి కాకముందే జుట్టు పట్టి తలను పొయ్యిగడ్డకు వేసి కొట్టాడు. రెండోసారీ కొట్టాడు. నేను మీద పడ్డాను. కత్తి లేచింది. నేను పట్టుకున్నది పిడి కాదు, అంచు. నా అరచేతి నెత్తురు ఆమె చీర మీద పడింది. ముగ్గురం కలిసి పెరట్లోకి దొర్లాం.

"ఒప్పేసుకుందండీ! చెరువులోనూ ఇదే కలిపింది! ఇప్పుడు కూట్లో కలిపింది!" అని అరుస్తున్నాడు.

ఇరుగుపొరుగు వచ్చి విడదీశారు. పక్కింటి ముసలమ్మ వంటింట్లోకి వెళ్లి, నేల మీద పడిన ఆనపకాయ ముక్క ఒకటి తీసుకొచ్చి బావ ఎదురుగా నోట్లో వేసుకుని నమిలింది.

"ఇదిగో తిన్నాను. చచ్చేనేంట్రా? ఉప్పు ఓ పిసరు తక్కువైంది, అంతే. ఎదవ సన్నాసీ, ఆడకూతుర్ని చంపేస్తావా?"

బావ చేతిలోని కత్తి ఎవరో లాక్కున్నారు. ఆటోలో అక్క స్పృహలో లేదు. నెత్తురు కారుతున్న చెవిని నా తువ్వాలుతో అదిమి పట్టుకున్నాను. ఆ చెవి ఇప్పటికీ వినబడదు.

కట్లు విప్పాక అక్క మా ఇంట్లోనే ఉండిపోయింది. ఇక కాపరానికి వెళ్తుందా లేదా అన్నదొక్కటే మా ముందున్న ప్రశ్న. ఒకరోజు బావ ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"పొరపాటైపోయిందండీ. బుర్ర పని చెయ్యలేదు" అన్నాడు తల వంచుకుని.

"మగోడికి కోపం వస్తదమ్మా, పోతది. బయల్దేరు" అన్నారు వాళ్లలో పెద్దాయన.

"ముందు భోజనాలు చెయ్యండి బాబాయిగారూ" అంది అక్క.

మామిడికాయ పప్పు, అప్పడాలు వేసి ముగ్గురికీ వడ్డించింది. పెద్దలు కలుపుకుని తినసాగారు. బావ కూడా కలిపాడు. కాని ముద్ద నోటిదాకా తేలేదు. పెద్దాయన గొంతు వైపు చూస్తూ కూర్చున్నాడు, ఆయన ముద్ద దిగేదాకా. ఆయన మింగి రెండో ముద్ద కలిపాకే తన ముద్ద ఎత్తాడు.

అక్క చూసింది. వంగి అతని కంచం లాగేసి, పప్పన్నంతో సహా వాకిట్లోకి విసిరికొట్టింది. కంచం అరుగు అంచుకు తగిలి సొట్ట పడింది.

"నేను రానండీ" అంది పెద్దాయనతో. "నా చేతి కూడు మీరు చావకపోతేనే తింటాడంట."

బావ చెయ్యి ఎత్తుతూ లేచాడు. అక్క వెనక్కి జరగలేదు.

"కొట్టండి. ఇక్కడైతే సాక్ష్యానికి పెద్దలున్నారు."

పెద్దాయన ఎంగిలి చేత్తోనే అతని మణికట్టు పట్టుకుని కిందికి దించారు.

"అమ్మాయి రాదురా. పద" అన్నారు.

ఆయన చెయ్యి కడుక్కోవడానికి అక్క చెంబుతో నీళ్లు అందించింది. బావ అప్పటికే గేటు దాటాడు.