నేను పోయని కషాయం

దయ్యాలున్నాయని చెప్పేవాళ్లతో నేను యాభై ఏళ్లుగా కొట్లాడుతున్నాను. బడి చదువు ఐదో తరగతితో ఆగినా, సిద్దిపేట గ్రంథాలయంలో మోచేతులు అరిగేదాకా కూర్చుని చదువుకున్నవాణ్ణి. బాణామతి చేసిందని ఒక ముసలమ్మను నలుగురూ కొట్టబోతే అడ్డం పోయి దెబ్బలు తిన్నాను. ఆ మచ్చ ఇంకా నుదుటి మీద ఉంది. కనుక ఇది చదివి, పెద్దాయనకు మతి తప్పిందనుకునేవాళ్లు అనుకోవచ్చు. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మా తమ్ముడు నర్సింలుకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. బీడీ ముట్టనివాడు, నలభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్నవాడు. తెలిసేసరికే ముదిరింది. కీమో మొదలయ్యాక ఆకలి చచ్చిపోయింది, నోరంతా పుండ్లు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి, పడుకుంటే దమ్ము ఆడేది కాదు. గోడకు దిండ్లు పేర్చుకుని కూర్చునే కునుకు తీసేవాడు. ఒక్కసారి వెల్లకిలా పడుకుని నిద్రపోవాలన్నదే వాడి కోరిక. బతకాలని కూడా అంతగా అడగలేదు.

చూడవచ్చిన ప్రతివాడూ ఒక మందు చెప్పేవాడు. ఒకడు గాడిదపాలన్నాడు, ఇంకొకడు ఫోన్లో వచ్చిందని ఏదో ఆకు రసం చెప్పాడు. అందరినీ గడప దగ్గరే తిట్టి పంపాను.

అలాంటి నా ఇంటికే సింగపూర్ నుంచి మందు పొట్లాలు వచ్చాయి. తమ్ముడి అల్లుడు అక్కడ పనిచేస్తాడు. చైనా మూలికల దుకాణంలో వైద్యుడికి రిపోర్టులు చూపించాడట. పొద్దున ఏమీ తినకముందు, ఎండ వెలుతురులో తీసిన నాలుక ఫొటో కావాలన్నాడట ఆ వైద్యుడు. నాలుక ఫొటో చూసి మందిచ్చేవాడు ఏం వైద్యుడని ఫోన్లోనే అల్లుణ్ణి కడిగేశాను.

"దవాఖాన మందులు బంద్ చెయ్యమంటలేను మామా. వాటితోని పాటు గిది. సార్‌కు చూపియ్యిన్రి, వద్దంటే పారెయ్యిన్రి" అన్నాడు.

ఆ మాట న్యాయంగా తోచింది. పొట్లం తీసుకెళ్లి క్యాన్సర్ డాక్టరు బల్ల మీద విప్పాను. పసుపుపచ్చని వేరు ముక్కలు, ఎండిన నారింజ తొక్క, అతిమధురం, నాకు తెలియనివి మరో నాలుగైదు.

"ఇది క్యాన్సర్‌ను తీసెయ్యదు. ఆకలికి, నీరసానికి కొందరు మా మందుల పక్కన వాడుతరు. దీంట్ల ఏమేమున్నయో నాకు పూరా తెల్వదు. కీమో దినాలల్ల వద్దు. ఏమిచ్చినా నాకు చెప్పాలె" అన్నాడాయన.

తెలియదు అని చెప్పిన డాక్టరును నా జన్మలో మొదటిసారి చూశాను. అందుకే ఆయన మీద గురి కుదిరింది.

మూడు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసయ్యేదాకా మట్టికుండలో మరిగించాలి. రోజూ ఒకే చిక్కదనం రావాలని మా ఇంటి పద్ధతే పెట్టాను. మా బాపు నూలుకు రంగులద్దేవాడు. తెల్లపోగు రంగులో ముంచి, నిన్నటి పోగు పక్కన పెడితే తేడా కంటికి తెలిసిపోతుంది. అట్లాగే రోజూ ఒక నూలుపోగు కషాయంలో ముంచి, ముడివేసి, వంటింటి మేకుకు తగిలించేవాణ్ణి.

పది పన్నెండు రోజులకు తమ్ముడు అడిగి జొన్న గట్క జావలా కలిపించుకుని తాగాడు. అది మూలికల గుణమో, కీమోకు కీమోకు నడుమ శరీరం తనంత తానే తేరుకోవడమో నేను చెప్పలేను. వాడు మాత్రం, "నువ్వు సదివిన బుక్కులల్ల గీ ఏరుముక్క లేకపాయె గదనే" అని నన్ను వెక్కిరించాడు.

మళ్లీ నీరు చేరింది. సూదితో తీయాలన్నారు. మూడు రోజుల ముందు నుంచే కషాయం ఆపాలని, రక్తం గడ్డకట్టడం ఆలస్యమైతే లోపల కారుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. మిగిలిన ఏడు పొట్లాలు బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను.

తమ్ముడు రెండు రోజులు బతిమాలాడు. "గది తాగితేనే జర పానం నిమ్మలమైతుంది. ఒక్క గుక్క పొయ్యే అన్నా." నేను కరగలేదు. "సచ్చేటోనికి గూడ శాస్త్రం చెప్తవా?" అన్నాడు. అయినా పోయలేదు.

మూడో రోజు పొద్దున ఆయాసం పెరిగి దవాఖానలో చేర్చాం. మర్నాడే సూది. వాడు నా ముఖం చూడలేదు.

మధ్యాహ్నం బట్టల కోసం ఒక్కణ్ణే ఇంటికి వచ్చాను. తాళం తీయగానే కషాయం వాసన, అప్పుడే దించినట్టు. పొయ్యి చల్లగా ఉంది. కుండ బోర్లించినట్టే ఉంది, లోపల పొడి. మేకుకు మాత్రం ఒక పోగు ఎక్కువ ఉంది. మిగతావన్నీ ఎండి బిగుసుకుపోయాయి. అది తడిగా ఉంది. కొస నుంచి బొట్టు జారి నా వేలి మీద పడింది. రంగు సరిగ్గా పాకం కుదిరిన రంగే.

ముడి చూశాను. నర్సింలుది ఎడమచేతి వాటం. వాడు వేసిన ముడి కొస ఎడమకు తిరుగుతుంది. మా ఇంట్లో ఇంకెవరి ముడీ అట్లా పడదు. వాడు పది అడుగులు నడిచి నెల దాటింది. బీరువా తెరిచాను. ఏడు పొట్లాలు, అంటించినవి అంటించినట్టే ఉన్నాయి.

దవాఖానకు తిరిగి వెళ్లేసరికి తమ్ముడు వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. తల కింద ఒక్కటే దిండు. "గిప్పుడే పన్నడు బావా. ఎవ్వలు రాలే, ఏం తాగలే" అంది పక్కనే కూర్చున్న మరదలు, వాడి భార్య.

కాసేపటికి వాడు కళ్లు తెరిచాడు. "గివ్వాల చేదెక్కువైంది. అయినా పోసినవ్ గదా అన్నా" అంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. వాడి ఊపిరిలో నారింజ తొక్క వాసన.

ఇక తెల్లవారితే సూది. చెబితే నవ్వుతారు, చెప్పకపోతే తమ్ముడికి రక్తం కారవచ్చు. జన్మంతా ఎదుటివాణ్ణి రుజువు అడిగినవాణ్ణి, చేతిలో తడి పోగు పట్టుకుని డాక్టరు ముందు నిలబడ్డాను.

"సారూ, తాగిండో లేదో నాకు తెల్వదు. తాగిండనుకొనే చూడున్రి."

"ఎవలు పోసిన్రు?"

"ఎవ్వలు పొయ్యలే."

ఆయనకు కోపం వచ్చింది. ఇంత ముసలివాణ్ణయ్యీ అబద్ధమాడుతున్నానని ముఖం మీదే అన్నాడు. అయినా రక్తం మళ్లీ పరీక్షకు పంపాడు. గడ్డకట్టడం పొద్దున చేర్చినప్పటి పరీక్ష కంటే ఆలస్యంగా ఉందని వచ్చింది. జబ్బువల్ల కూడా కావచ్చన్నాడు. సూది రెండు రోజులు వాయిదా వేశాడు. ఆ రెండు రోజులూ తమ్ముడు పడుకునే నిద్రపోయాడు. తర్వాత తీస్తే రెండు సీసాల నిండా నీరు వచ్చింది. అంత నీరు పెట్టుకుని ఎట్లా పడుకోగలిగాడో డాక్టరుకూ అంతుపట్టలేదు.

ఎవరైనా తాళం తీశారా అని, మరదలు చేసిందా అని, నా కళ్లే మోసపోయాయా అని అన్నీ తిరగేసి చూశాను. ఒక్కటీ నిలబడలేదు.

తమ్ముడు ఇంకో నాలుగు నెలలు బతికాడు. చూడవచ్చినవాళ్లందరికీ, "మా అన్న పైకి రాయి గని, డాక్టర్‌కు తెల్వకుంట నాకు మందు పోసిండు" అని చెప్పుకునేవాడు. పోయే ముందురోజు కూడా అదే చెప్పి, నా చెయ్యి నిమిరి దండం పెట్టాడు. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వాడికి ఆ గుక్క పోసింది ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. వాళ్లకు చెందవలసిన దండం నేను తీసుకున్నాను.