బండి తోసుకు వెళ్లని సాయంత్రం

నాన్న బండి ఆపే పద్ధతి మా ఊళ్లో అందరికీ తెలుసు. ఊరి మొదట్లో రోడ్డు కింద వాననీళ్లు పోయే మోరీ ఉంది. అక్కడికి రాగానే ఎడమ చెయ్యి కిందికి దించి, నడుస్తున్న బండి మీదే పెట్రోల్ ట్యాప్ కట్టేసేవాడు. కార్బురేటర్ గిన్నెలో మిగిలిన కాస్త పెట్రోలుతో బండి ఇంకొంత దూరం వచ్చేది. మా ఇంటికి నాలుగిళ్ల ముందు, మామ వాళ్ల కంచె దగ్గర, మోత ఒక్కసారి సన్నగా పైకి లేచి, రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. అక్కడి నుంచి తోసుకుంటూ ఇంటికి.

పాత టూ స్ట్రోక్ బండి అది. గిన్నెలోకి వచ్చే పెట్రోలును ఆపాల్సిన సూది అరిగిపోయింది. దానికి సరిపడే సూది ఎక్కడా దొరకలేదు. ట్యాప్ తెరిచి వదిలేస్తే రాత్రంతా పెట్రోలు కారి ఇంజను కడుపులోకి దిగుతుంది. నాన్న పోయాక బండితో పాటు ఆ పద్ధతీ నాకు వచ్చింది.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. సారపాక మిల్లులో కాంట్రాక్టు పని. పని దిగాక గోదావరి వంతెన దాటి భద్రాచలం గ్రంథాలయానికి వెళ్లేవాణ్ని. ఒక బీరువా ఎంచుకుని పై అర నుంచి కింది అర దాకా వరసగా చదివేవాణ్ని. పశువుల రోగాలు, పాములు, రాజవంశాలు, ఇంజన్లు, ఏదైనా సరే. ఊళ్లో ఎవరికి ఏ సందేహం వచ్చినా నన్ను అడిగేవారు. అడగకపోయినా చెప్పేవాణ్ని.

ఆ సాయంత్రం నక్షత్రాల గురించిన ఒక లావుపాటి పుస్తకం తెచ్చుకుంటున్నాను. దారిలో వాన పట్టుకుంది. పుస్తకాన్ని కవరులో చుట్టి చొక్కా లోపల పెట్టుకుని, ఎడమ చేత్తో పొట్టకు అదిమిపెట్టాను. క్లచ్ పట్టాల్సినప్పుడు తప్ప ఆ చెయ్యి అక్కడి నుంచి కదల్లేదు. మోరీ వచ్చింది, పోయింది. నేరుగా మా వాకిట్లోకి వచ్చి తాళం తిప్పి, బండిని చూరు కింద పెట్టి లోపలికి పరుగెత్తాను. తడిసిన పేజీలను పొయ్యి సెగకు ఒక్కొక్కటే ఆరబెట్టాను.

తెల్లవారి అత్త వచ్చింది. అత్తా మామా నాకు రక్తసంబంధం కాదు. మామ కోయవాడు, అడవిలో తేనె తీసేవాడు, నాన్నకు స్నేహితుడు. ఆ వరసతోనే పిలుచుకునేవాళ్లం.

"అల్లుడా, మీ మామ రెప్పలు లేపుతలేడు. కడుపుల నొప్పంటుండు. జల్దీ రా."

వెళ్లేసరికి నలుగురు చేరారు. రాత్రి తిన్న పుట్టగొడుగులు పడలేదని ఒకరు, గాలి సోకిందని ఒకరు. మామ చాప మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు. కనురెప్పలు సగానికి వాలి ఉన్నాయి. మాట ముద్దగా వస్తోంది. ఉమ్మి మింగలేకపోతున్నాడు. ఒళ్లంతా వెతికాను. మోచేతి వెనక రెండు చిన్న చుక్కలు, దోమకాట్లలా.

"కట్లపాము. కరిచినప్పుడు నొప్పి కూడా తెల్వదు. ఊపిరి ఆగకముందే సూది మందు పడాలె" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు భయంతో పాటు గర్వం కూడా కలిగింది. ఆ ఇంట్లో ఆ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

అంబులెన్సుకు ఫోన్ చేశాం. చర్ల రోడ్డు మీద ఆగుతామన్నారు. మా ఊరికీ ఆ రోడ్డుకూ మధ్య ఎనిమిది కిలోమీటర్ల బురద, ఒక వాగు. ఊళ్లో ఉన్న మరో రెండు బండ్లలో ఒకటి పొద్దుటి షిఫ్టుకు, ఒకటి సంతకు పోయాయి. మిగిలింది నాది.

మామను మంచం మీద వేసి మా వాకిట్లోకి మోసుకొచ్చారు. కిక్కు కొట్టాను. పది, ఇరవై. ఇంజను మెత్తగా, తడిగుడ్డ ఉతికినట్టు చప్పుడు చేసింది. సైలెన్సర్ అతుకు నుంచి పెట్రోలు చుక్కలు కారాయి.

"ఏందిరా, లేస్తలేదా?" అన్నారెవరో.

టూ స్ట్రోక్ ఇంజనులో పెట్రోలు ముందు అడుగు గదిలోకి ఎందుకు వస్తుందో నేను వివరించడం మొదలుపెట్టాను.

మామ నవ్వబోయాడు. పెదవులు సరిగా కదల్లేదు. "నీ బండి నాకంటే ముందే సచ్చేటట్టుంది అల్లుడా. దానికి గూడ పాము కరిసిందా చూడు."

అప్పుడు వంగి చూశాను. ట్యాప్ తెరిచి ఉంది.

అందరికీ వీపు తిప్పి, బురద తుడుస్తున్నట్టుగా చెయ్యి పెట్టి, దాన్ని కట్టేశాను.

ఆ తర్వాత చెయ్యాల్సినవి నాకు తెలుసు. పానాతో ప్లగ్ విప్పాను. నల్లగా, తడిగా వచ్చింది. అత్త దాన్ని పట్టకారుతో పట్టుకుని పొయ్యిలో నిప్పుల మీద కాల్చడానికి పరుగెత్తింది. ఇద్దరు సాయం పట్టగా బండిని తలకిందులు చేశాం. పెట్రోలు, ఆయిలు కలిసి నీలంగా నేల మీద పారాయి. నిలబెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, ప్లగ్ లేకుండానే కిక్కు కొట్టాను. ఆ రంధ్రంలోంచి తుంపర లేచి నా ముఖం మీద పడింది. మళ్లీ తలకిందులు, మళ్లీ కిక్కు. అది ఆరే దాకా ఆగడం తప్ప దారి లేదు. మంచం మీద మామ ఇక మాట్లాడ్డం లేదు. గొంతులో గరగర మాత్రం వినిపిస్తోంది. కాల్చిన ప్లగ్ బిగించి, రెండో గేరులో వేసి, మోరీ వైపు పల్లంలోకి తోశారు. మూడోసారికి తెల్లటి పొగ కక్కుతూ లేచింది. అప్పటికి ముప్పావుగంట పోయింది.

మామను మధ్యలో కూర్చోబెట్టి, తువ్వాలుతో నా నడుముకు కట్టి, వెనక అత్త కూర్చుంది. ఆయన గడ్డం నా భుజం మీద ఆనింది. వాగులో నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి. దాటుతుంటే భుజం మీది బరువు మారినట్టు అనిపించింది.

"అత్తా, మామ ఎట్లుండు?"

"నువ్వు నడుపు."

మళ్లీ అడిగాను. "నడుపు అల్లుడా" అంది, అంతే గట్టిగా.

రోడ్డు మీద అంబులెన్సు అతను మెడ మీద వేళ్లు పెట్టి చూసి, మా వంక కాకుండా చెట్ల వైపు చూశాడు.

"వాగు కాడనే పోయిండు. చెప్తే ఆపుతవని చెప్పలే. ఆపితే నీ బండి మళ్ల లెవ్వదు. ఏమో, వీళ్లు లేపుతరేమోననుకున్న" అంది అత్త.

ఊరు నన్ను మెచ్చుకుంది. పామని నేనే కనిపెట్టానని, పాపం ఎంత కష్టపడ్డానని, బండి పాతదైతే మనిషేం చేస్తాడని అన్నారు. ఆ మాటలన్నీ తల వంచుకుని విన్నాను. వినయమనుకున్నారు. నక్షత్రాల పుస్తకం గడువులోపే తిరిగి ఇచ్చేశాను. ఒక్క పేజీ కూడా ముడత పడలేదు.

వానలు వెనకబడ్డాక ఒక సాయంత్రం బండి అలవాటు ప్రకారం అత్త వాళ్ల కంచె దగ్గర దగ్గి ఆగింది. దిగి తోయబోతుంటే ఆమె లోపలి నుంచి వచ్చింది. చేతిలో చేట. బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"మామ పోయిన ముందునాడు నువ్వు బండి తోసుకుంట పోలే" అంది.

నా చేతులు హ్యాండిల్ మీదే ఉండిపోయాయి.

"మోత మీ వాకిట్ల దాక పోయింది. మీ మామనే అన్నడు, ఇయ్యాల పోరడు ట్యాపు మర్సిండని. పోయి చెప్పొస్తనని లేసిండు. వాన పడుతుంది, పొద్దున చెప్పొచ్చు తియ్యి అని నేనే కూసోబెట్టిన."

చేటలోంచి ఒక రాయి ఏరి కంచె అవతలికి విసిరింది. నేను బండి తోసుకుంటూ వెళ్లాను.